అనుమానం ఉన్నన్నాళ్లు

ఫోటోలో దొర్కా అందంగా పడింది. మా కేసుకి వచ్చిన కష్టమంతా అదే.

ఆసుపత్రి ఐడీ కార్డులో ఆమె నిద్ర చాలని నర్సు. ఈ ఫోటోలో మాత్రం ఆకుపచ్చ చీర కట్టుకుని, కొరాపుట్‌లో ఒక ఇంటి గేటు ముందు నిలబడి, పక్కనున్న మగమనిషి మొహంలోకి చూసి నవ్వుతోంది. అతను ఆమె భుజం మీది బ్యాగు అందుకుంటున్నాడు. బ్యాగు అందుకోవడం నేరం కాదు. కానీ విడాకుల కేసులో ఉన్న భర్తకి ముందు కనబడేది నవ్వు, బ్యాగు తర్వాత.

పంపింది ఆ భర్తే. పేరు బెన్సన్, సునాబెడ టౌన్‌షిప్‌లో టెక్నీషియన్. శుక్రవారం పొద్దున్న దొర్కా ఫోనుకి ఇలాంటివి వరసగా పంపి, కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు: "దేవుడు మంచి ఇల్లు చూపించాడా?" కాసేపటికే అతని లాయరు మా ఉషారాణి మేడంకి ఫోన్ చేశాడు. సోమవారం వాయిదాకి బెన్సన్ తప్పకుండా వస్తాడట. విడాకులకి ఒప్పుకోవడానికి కాదు, ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడానికి.

మేడం రాయగడ ఫ్యామిలీ కోర్టులో లాయరు. నేను ఫేబ, ఆవిడ దగ్గర పరిశోధకురాలిని. గుణుపురంలో కంప్యూటర్ సైన్సు చదివి, ఇప్పుడు జనం కాపురాల్లో బగ్గులు వెతుక్కుంటున్నాను. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకునే స్తోమత మా బ్యాచ్ నరేంద్రకి ఉంది, నాకు లేదు. ఈ ఫోటోల మూల సన్నటి అక్షరాల్లో ఉన్న పేరు వాడిదే. దూరం నుంచి తీసినా దొర్కా చెవి పోగులోని రాయి కూడా మెరుస్తోంది. అలాంటి లెన్సు కొనాలని నేను మూడేళ్లుగా అనుకుంటున్నాను. నా కడుపులో రేగిన మంట వృత్తిపరమైనదేనని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం సాయంత్రం దొర్కా డ్యూటీ దిగి నేరుగా ఆఫీసుకి వచ్చింది. మేడం ఆమెకి కేసు ఎక్కడిదాకా వచ్చిందో మళ్లీ మొదటి నుంచి చెప్పింది. క్రైస్తవ పెళ్లికి ఇద్దరి ఒప్పుదలతో విడాకులు కావాలంటే రెండేళ్లు వేరుగా ఉండాలి, కలిసి పిటిషన్ వెయ్యాలి, కనీసం ఆరు నెలలు ఆగాలి, అప్పుడు ఇద్దరూ వచ్చి జడ్జి ముందు అదే మాట మళ్లీ చెప్పాలి. ఆ రెండోసారి చెప్పేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. తగ్గితే పిటిషన్‌తో పాటు అందులో రాసుకున్న ఒప్పందాలూ పోతాయి. వాటిలో దొర్కాకి కావలసింది ఒక్కటే: ఏడేళ్ల కూతురు స్మిర్న తల్లి దగ్గర పెరుగుతుందన్న మాట. బెన్సన్ వ్యభిచారం పేరు మీద కొత్త కేసు వేస్తే ఫోటోలోని మనిషిని కూడా ప్రతివాదిగా లాగుతారు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న పోరాటం ఆ బురదలోనే నడుస్తుంది.

ఆ మనిషి పేరు నోయెల్. దొర్కా నర్సింగ్ స్నేహితురాలికి అన్నయ్య, కొరాపుట్‌లో బడి మేష్టరు. దొర్కాకి అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు చూపించడానికి గురువారం అతను స్టేషన్‌కి వచ్చాడు. అంతవరకూ శుభ్రంగా ఉంది. కానీ కోర్టులో అవతలి లాయరు అడగబోయే ప్రశ్న నేనే ముందు అడగాలి. ఎందుకు నవ్వావని అడిగాను.

దొర్కా ఫోటో తన వైపు తిప్పుకుంది. "నీళ్ల మోటారు ఉన్నాదా అనడిగేనమ్మి. మోటారున్నాది సిస్టర్, కరెంటే ఉండదు అన్నాడు. నవ్వొచ్చీసింది. ఎన్నాళ్లయ్యిందో నవ్వి."

మేడం పెన్ను మూత పెట్టేసింది. ఆ జవాబు బోనులో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే అది నిజమని నాకు అనిపించింది.

తర్వాత ఆమె ఫోను తీసుకున్నాను. విడాకులు మొదలైన ప్రతి ఆడమనిషికీ నేను చెప్పే మొదటి మాట, ఇంటి తాళం కంటే ముందు పాస్‌వర్డులు మార్చమని. దొర్కా మార్చింది. లొకేషన్ ఎవరితోనూ పంచుకోవడం లేదు. దొంగ యాప్ లేదు. వేరే ఫోన్లో ఆమె ఈమెయిల్ తెరిచి లేదు. మెసేజీలు రెండో స్క్రీన్ మీదకి పోవడం లేదు. ఫోను నా కంటే పవిత్రంగా ఉంది.

అయితే కబురు మోసింది మనుషులే. కొరాపుట్ వెళ్తున్నట్టు ఎవరికి చెప్పావని అడిగాను. ఆ అన్నాచెల్లెళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదంది. ఆసుపత్రిలో సెలవు పెట్టింది గానీ కారణం చెప్పలేదు. టికెట్టు కౌంటర్లో కొన్నది. నోయెల్‌తో మాట్లాడింది స్నేహితురాలి ఫోన్లో. ఆఖరికి కన్నతల్లికి కూడా చెప్పలేదు. తల్లి దేవమణి రిటైరైన టీచరు. విడాకులు పాపమని ఆవిడ నమ్మకం. వేరుపడ్డాక దొర్కా, స్మిర్న ఆవిడ ఇంట్లోనే ఉంటున్నారు. కూరలో ఉప్పు గురించీ పిల్ల జ్వరం గురించీ తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటారు. కేసు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

"నరేంద్ర నిన్ను రాయగడ నుంచి వెంబడించి ఉంటాడు," అంది మేడం. నేను ఒప్పుకోలేదు. వెంబడించిన వాడికి వీపు దొరుకుతుంది. వాడికి మొహం దొరికింది.

శనివారం పొద్దుటి రైలుకి కొరాపుట్ వెళ్లాను. ఇల్లు స్టేషన్‌కి దగ్గరే, వంపు తిరిగిన సందులో ఉంది. గోడ నా తలకంటే ఎత్తు. పైన గాజుపెంకులు గుచ్చారు. ఫోటోని ఫోన్లో పెట్టుకుని సందులో అటూ ఇటూ తిరిగాను. కింద ఎక్కడ నిలబడినా గేటు సగమే కనబడుతోంది. ఫోటోలో గేటు పూర్తిగా ఉంది. అంతేకాదు, గోడ మీది గాజుపెంకులు పై నుంచి చూసినట్టున్నాయి, వాటి వెనకనున్న తులసి మొక్క కూడా పడింది. తీసినవాడు మేడ మీద ఉన్నాడు. ఎదురుగా ఉన్న మేడ ఒక్కటే, చిన్న లాడ్జి.

లాడ్జి నడిపేది పార్వతీపురం వైపు నుంచి వచ్చిన అమ్మన్నమ్మ. కెమెరా అతను దిగిన గదే కావాలన్నాను. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, ఇద్దరూ ఒకటేనా అనడిగింది. దేవుడి దయవల్ల కాదన్నాను.

ఆ మాటకి నవ్వి, తాళాలు తీసుకుని మెట్లెక్కింది. మూలగది. కిటికీ రెక్కకి కొత్తగా గీసుకుపోయిన గుర్తులున్నాయి. కిటికీ గట్టు మీద పావురాల రెట్ట మందంగా పేరుకుంది, ఒక్క చోట మాత్రం మూడు గుండ్రటి ఖాళీలు. కెమెరా స్టాండు కాళ్లు. అక్కడి నుంచి చూస్తే గేటు అరచేతిలో ఉన్నట్టుంది.

"ఆ కిటికీ తియ్యకు బావూ, పావురాలు గదంతా పాడుసేస్తాయి అని సెప్పేను. ఇన్లేదు," అంది అమ్మన్నమ్మ. "రాత్రంతా కిటికీ తీసుకునే తొంగున్నాడు. సలికి వొణుకుతూ నా దగ్గర ఇంకో దుప్పటి అడిగేడు."

ఏ రాత్రి అని అడిగాను. బుధవారం రాత్రి. సాయంత్రం చర్చిగంట కొట్టాక చాలాసేపటికి కారులో వచ్చాడట. మరే గదీ వద్దన్నాడట, ఈ మూలగదే కావాలన్నాడట.

దొర్కా రైలెక్కింది గురువారం పొద్దున్న. అంటే ఆమె ఇంట్లో చీర మడతపెట్టుకునే వేళకే నరేంద్రకి ఊరే కాదు, సందూ గేటూ కూడా తెలుసు.

"నా గదిలో ఏటి సేస్తన్నావు ఫేబా?"

గుమ్మంలో నరేంద్ర. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆ లెన్సు. అమ్మన్నమ్మ చేత ఏదో సాక్ష్యం రాయించుకోవడానికి వచ్చినట్టున్నాడు, చేతిలో ఫైలుంది. కాలేజీలో వాడి ప్రాజెక్టుకి కోడు రాసింది నేను, మొదటి బహుమతి తీసుకున్నది వాడు. అప్పటి నుంచి మా మాటలు ఇలాగే మొదలవుతాయి.

మంచి ఫోటోలన్నాను. పావురాలు కూడా బాగా సహకరించాయన్నాను.

"కుళ్లుకోకు. నీకూ ఒక రోజు వొస్తాది."

"కుళ్లే. కాదనను," అన్నాను. "గానీ నరేంద్రా, ఫోటోలు కోర్టుకి ఊరికే వెళ్లవు. ఏ కెమెరాతో తీశావో, ఎలా కాపీ చేశావో సర్టిఫికెట్ ఇవ్వాలి. సంతకం నీది. సంతకం పెట్టినవాడు బోనెక్కాలి. మా మేడం అడిగే మొదటి ప్రశ్న, ఆమె గురువారం వస్తుందని నీకు బుధవారం ఎలా తెలిసింది అని."

వాడి నవ్వు పోలేదు గానీ కళ్లలోంచి దిగిపోయింది. రోడ్డు మీద కనబడిన మనిషిని తీశానని చెబుతానన్నాడు. రాత్రంతా చలికి వణుకుతూ కిటికీ తీసుకుని కూర్చున్నది రోడ్డు అందం చూడటానికా అని అడిగాను. అమ్మన్నమ్మ దుప్పటి సంగతి మళ్లీ మొదలుపెట్టింది. వాడు ఆవిడని కిందకి పంపించేశాడు.

"విను," అన్నాడు గొంతు తగ్గించి. "బోనెక్కడానికి నాకేటి భయం లేదు. నాకు సెప్పినోడు నా క్లయింటు. క్లయింటుకి సెప్పింది మీ ఇంటి మనిసి. అది కోర్టులో బయటికొస్తే తల దించుకునేది నేను కాదు, మీ దొర్కా."

పేరు అడిగాను.

"డిటెక్టివ్‌వి కదా, నువ్వే కనుక్కో."

మెట్లు దిగుతుంటే వాడి మీద ఎంత కోపం వచ్చిందో, వాడు నిజమే చెప్పాడన్న దిగులు అంతకంటే ఎక్కువైంది.

బస్టాండులో నిలబడి బెన్సన్ మెసేజీ మళ్లీ చదివాను. "దేవుడు మంచి ఇల్లు చూపించాడా?" మేమంతా దీన్ని వెటకారం అనుకుని దాటేశాం. కానీ అసూయలో ఉన్న మగవాడు వెటకారానికి వాడేది అవతలి మగవాడి పేరు. దేవుడి పేరెందుకు? ఇల్లెందుకు? ఫోటోలో ఉన్నది గేటు. అది అద్దెకి చూస్తున్న ఇల్లని అతనికెలా తెలుసు?

దొర్కాకి ఫోన్ చేశాను. వార్డులో ఉంది. ఇల్లు చూపించమని దేవుణ్ణి అడిగిందెవరక్కా అన్నాను.

 అవతల తలుపు మూసిన శబ్దం. "నేనే. బుధవారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో ప్రార్థన మనవి పెట్టేను. రేపు కొరాపుట్‌లో ఇల్లు సూడ్డానికెల్తన్నాను, స్టేషను కాడ లాడ్జి ఎదురుగున్న ఇల్లు, దేవుడి సిత్తమైతే కుదరాలని."

ఎవరికీ చెప్పలేదన్నావు కదా అన్నాను.

"సెప్పలేదు. ప్రార్థనలో అన్నది సెప్పినట్టెలా అవుద్దమ్మి? దేవుడికి కదా సెప్పేను."

ఆమె అబద్ధం ఆడలేదు. నేనూ ఆ కూడికల్లోనే పెరిగాను. చాప మీద గుండ్రంగా మోకరిస్తారు, ఒకరి తర్వాత ఒకరు మనసులో ఉన్నది పైకి అంటారు, అందరూ కలిసి ఆమెన్ అంటారు. లేచాక దాని గురించి ఒక్కరూ ఎత్తరు. అది మర్యాద. ఎత్తకపోతే ఎవరూ విననట్టే లెక్క. నా బ్యాక్‌లాగులు రాయగడ సంఘం మొత్తానికి తెలిసింది మా అమ్మ ప్రార్థన వల్లే, ఇంట్లో నాన్నకి ఇంకా తెలియనప్పుడు. పోలీసుల ముందు ప్రమాణం చేయించినా దొర్కా ఎవరికీ చెప్పలేదనే చెప్పి ఉండేది.

ఆ రోజు చాప మీద ఎవరెవరున్నారో అడిగాను. ఆసుపత్రి సిస్టర్లు, పాస్టరమ్మ. ఆగింది. అమ్మ.

"పక్కనే మోకరించింది. ఇంట్లో ఆవిడ మనసులో ఏటున్నదో నాకు తెల్దు ఫేబా. అక్కడ ఇంటేనే తెలుస్తాది. నా మనసు ఆవిడకీ అంతే."

ఆవిడ ఆ రోజు ఏం అడిగిందన్నాను.

"అల్లుడి మనసు తిప్పమని."

ఇక నాకు వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఆ చాప మీద ఉన్నవాళ్లలో బెన్సన్‌తో మాట్లాడే అవకాశం ఒక్కరికే ఉంది. ప్రతి ఆదివారం తండ్రి స్మిర్నతో మాట్లాడాలి, కానీ మొగుడూ పెళ్లాలు ఫోన్లో తగువు పడకూడదు కాబట్టి ఆ కాల్ అమ్మమ్మ ఫోనుకి రావాలి. అలా అతని నంబరు ఆవిడ ఫోన్లో ఉంది, ఏ రోజైనా చెయ్యొచ్చు. ఆ తెలివైన ఏర్పాటు చేసింది మా ఆఫీసే.

బాగా చీకటి పడ్డాక బస్సు రాయగడ చేరింది. దొర్కా డ్యూటీ మధ్యలో వదిలేసి వచ్చి వాళ్లింటి గేటు దగ్గర నిలబడి ఉంది, యూనిఫాం కూడా మార్చలేదు. నాతో కలిసే లోపలికి వచ్చింది. ఒక్కతే వెళ్లడానికి భయపడిందనుకుంటాను.

దేవమణి ఆంటీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అడగక ముందే చెప్పింది. దాచాలన్న ఆలోచనే ఆవిడకి లేదు.

"సెప్పేను. నేనే సెప్పేను. మీ మేడమే కదమ్మి ఈ ఇంట్లో కూకుని సెప్పింది, రెండోసారి జడ్జి కాడ నిలబడేదాకా ఎవరైనా ఎనక్కి తగ్గొచ్చని. ఇది తగ్గదు. మరి అల్లుడైనా తగ్గాలి కదా."

అనుమానం పెట్టిస్తే తగ్గుతాడనుకున్నారా ఆంటీ అన్నాను.

 ఆవిడ కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న నన్ను అనుమానించేవోడే. బడికెల్తే అనుమానం, సంఘానికెల్తే అనుమానం. అనుమానం ఉన్నన్నాళ్లు సాయంత్రమయ్యేసరికి ఇంటికొచ్చీసేవోడు. అనుమానం మానేసిన రోజు ఇల్లూ మానేసేడు." చేట మీద చెయ్యి ఆగింది. "బెన్సన్ ఆ ఫోటోలు సూసి ఏడిసేడే. నాతో ఫోన్లో ఏడిసేడు. నీ మీద పేనం లేకపోతే ఏడుస్తాడేటి?"

దొర్కా గోడకి ఆనుకుంది. తండ్రి వెళ్లిపోయాడని ఆమెకి తెలుసు. ఇది ఆమెకి ఎవరూ చెప్పలేదు, ప్రార్థనలో కూడా.

అప్పుడు నాకు ఇంట్లో నిశ్శబ్దం వినబడింది. ఏడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో ఉండకూడని నిశ్శబ్దం. దొర్కాకి నాకంటే ముందే వినబడినట్టుంది.

"అమ్మా, గుంట ఏది? స్మిర్న ఏది?"

"నాన్నొచ్చేడు, తీసుకెల్లేడు. నాలుగు రోజులుంటాది. నువ్వు తెచ్చుకుందికి ఎల్తావు కదా, ఇద్దరూ కూకుని మాటాడుకుంటారు." దేవమణి ఆంటీ మొహంలో గెలుపు ఉంది, దాని పక్కనే చిన్న అనుమానం కూడా మొదలైంది. "బడి కాగితాలు కూడా అడిగేడు. ఇచ్చేను."

నాలుగు రోజులకి ఎవరూ బడి కాగితాలు తీసుకెళ్లరు.

మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు పెంచలేదు, అదే నన్ను భయపెట్టింది. తండ్రి తీసుకెళ్తే కిడ్నాప్ అవదు, కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసులు కదలరు. సోమవారం పొద్దున్నే మధ్యంతర పిటిషన్ వేస్తానంది. ఈలోగా అతను పిల్లని ఊరు దాటించి వేరే బడిలో వేస్తే, కుదురుగా ఉన్న పిల్లని కదపడానికి ఏ జడ్జీ తొందరపడడు. అతని ఇంటికి వెళ్లి గొడవ చెయ్యొద్దు. ఫోన్లో తిట్టొద్దు. అన్న ప్రతి మాటా రికార్డవుతుందనుకో అని చెప్పి పెట్టేసింది.

దొర్కా అంతా వింది. ఏడవలేదు. గోడ వదిలి వచ్చి తల్లి ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఫోన్ చెయ్ అమ్మా. నోయెల్ మనింట్లో ఉన్నాడని సెప్పు."

వద్దక్కా అన్నాను. ఆ మాట మన ఇంట్లోంచి వెళ్తే అతని కేసు మనమే రాసిచ్చినట్టని, సోమవారం మేడం ఎంత వాదించినా నిలబడదని చెప్పాను.

"కేసు సోమవారం," అంది దొర్కా. "గుంట ఇప్పుడు."

 అబద్ధం ఆడమంటావేటి అంది దేవమణి ఆంటీ.

"నిజం సెప్పే ఇంత సేసేవు. ఒక్క అబద్ధం సెప్పు."

ఆవిడ నంబరు నొక్కింది. దొర్కా స్పీకరు పెట్టింది. బెన్సన్ వెంటనే ఎత్తాడు, నిదానంగా ఉన్నాడు. లక్ష్మీపూర్ దగ్గర ఘాట్ రోడ్డులో ఉన్నామన్నాడు. నేను బస్సులో వస్తుంటే ఎదురుగా మెరిసిపోయిన హెడ్‌లైట్లలో ఒక జత అతనిదే అయి ఉండాలి.

"బాబూ," అంది దేవమణి ఆంటీ.  "ఆ మేష్టరొచ్చేడు. ఇంట్లోనే కూకున్నాడు. దొర్కా కాఫీ పెడతన్నాది."

కాఫీ సంగతి ఆవిడకి మేమెవరం చెప్పలేదు. అసూయ ఎక్కడ గుచ్చుకుంటుందో ఎన్నో ఏళ్లు భరించిన మనిషికి నేర్పక్కర్లేదు.

 బెన్సన్ ఫోను పెట్టెయ్యడం కూడా మర్చిపోయినట్టున్నాడు. బ్రేకు కీచుమంది. గేరు మారింది. వెనక నుంచి లారీ హారను పెద్దదై, చిన్నదై పోయింది.

"నాన్నా, ఎందుకు ఎనక్కి తిప్పేవు?" స్మిర్న గొంతు.

దొర్కా నా చెయ్యి పట్టుకుంది. పిల్ల వెనక్కి వస్తోంది. ఇంజను చప్పుడు పెరిగింది, ఇంకా పెరిగింది. నేను ఇప్పుడే దిగి వచ్చిన ఆ మలుపులు నా కళ్ల ముందే ఉన్నాయి. ఒక వైపు కొండ, ఒక వైపు ఏమీ లేదు. ఇంకో హారను, ఈసారి చాలా దగ్గరగా. మెల్లగా నడపమని ఒక్క మాట అంటే చాలు. కానీ మెల్లగా రమ్మనాలంటే ఇక్కడ ఎవరూ లేరని చెప్పాలి. చెబితే కారు మళ్లీ అటే తిరుగుతుంది.

ముగ్గురం ఫోను చుట్టూ వంగి నిలబడ్డాం. 

"నాన్నా, నాకు బయమేస్తన్నాది," అంది స్మిర్న.